పుట్టింటి తీగ

మొన్న గురువారం పొద్దున ఒక ఎలక్ట్రీషియన్ మా పెరట్లో నిలబడి, నేనిచ్చిన టీ తాగుతూ, నా పుట్టింటి దారి కోసేస్తానన్నాడు. తను అంత మాట అన్నానని ఆయనకి తెలియదు పాపం. ఆయన అన్నది ఇంతే: “ఏం లేదు మేడంగారూ, ఈ పచ్చ వైరు పీకేస్తే ట్రిప్పవ్వడం ఆగిపోద్దండి. చాలా ఇళ్ళల్లో ఇంతేనండి.” పెరటి వరండాలో ఏడాదిగా మూతపడి ఉన్న నా కరెంటు ఆవాన్ని ఆ పొద్దునే మళ్ళీ వేశాను. మట్టిపాత్రలు కాల్చే బట్టీని కుమ్మరులు ఆవం అంటారు కదా, నాది కట్టెలతో కాకుండా కరెంటుతో మండేది. స్విచ్చి వేసిన మరుక్షణం గోడమీది బ్రేకరు టప్పున పడిపోయింది. ఫ్యాన్లు ఆగాయి, టీవీ ఆగింది, వార్తలు చూస్తున్న మావారు లోపల్నుంచి “మళ్ళీ మొదలెట్టావా?” అన్నారు. వీధి చివర కొట్లో చెబితే ఈయన్ని పంపించారు. మనిషి మంచివాడే, పనితనం ఉన్నవాడే. కానీ ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. “ఆ వైరు జోలికి వెళ్ళకండి, టీ తాగి వెళ్ళండి” అని సాగనంపేశాను. మావారు గుమ్మంలోకి వచ్చి, “ఆయనకి తెలియనిది నీకు తెలుసా?” అన్నారు. తెలుసు. ఈ లోకంలో నాకు గట్టిగా తెలిసిన సంగతులు నాలుగే నాలుగు, అందులో మూడు మా మావయ్య నేర్పినవి.

మావయ్య అంటే మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. హనుమాన్ జంక్షన్‌లో బస్టాండు వెనక సందులో ఆయనకి మోటారు వైండింగు షాపు ఉండేది. కాలిపోయిన పొలం మోటార్లని రైతులు ఆటోల్లోనూ, ట్రాక్టరు తొట్లలోనూ తెచ్చి దించేవారు, జ్వరం మనిషిని ఆసుపత్రికి తెచ్చినట్టే. మావయ్య వాటి పొట్ట విప్పి, మాడిపోయిన రాగి తీగంతా లాగేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఎండబెట్టేవాడు. ఆ వార్నిష్ వాసన ఆయన చొక్కాల్లోంచి ఏ సబ్బుకీ పోయేది కాదు. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త తలుపులకి వార్నిష్ వేస్తుంటే ఆగి పీల్చి వస్తాను, చూసేవాళ్ళు ఏమనుకున్నా సరే. నా పెళ్ళిలో నన్ను బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకొచ్చింది ఆయనే. దారిలో ఒకసారి తూలాడు. తరవాత ఎప్పుడు నేను కాస్త ఒళ్ళు చేసినా “ఆ రోజే తెలిసిందే నాకు నీ లోడెంతో, ఫ్యూజు పోవాల్సింది ఎలాగో నిలబడ్డా” అనేవాడు. తను మాత్రం పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే “మోటార్లతోనే వేగలేక ఛస్తున్నాను” అని మాట తప్పించేవాడు.

నాకు తొమ్మిదో ఏట నాన్న పోయారు. చల్లపల్లి దగ్గర మాకు కాస్త చెరకు తోట ఉండేది. తోటలో బోరు మోటారు వెయ్యబోయి కరెంటు కొట్టి పోయారు. ఆ తరవాత అమ్మనీ నన్నూ మావయ్యే జంక్షన్‌కి తెచ్చుకున్నాడు. నా చదువూ, నా పెళ్ళీ, నా పురుళ్ళూ అన్నీ ఆయన చేతిమీదుగానే జరిగాయి. అమ్మ కూడా పోయాక నాకు పుట్టిల్లంటే ఆ షాపూ, దాని వెనక గదిలో ఆయనా, అంతే. ఆడదానికి జుట్టు నెరిసినా పుట్టింటి మీద మమకారం నెరవదు. మామిడికాయల కాలం వస్తే జంక్షన్ బస్సు వైపు చూసేదాన్ని. సంచీలో పది కాయలు పట్టుకుని, నెత్తిన రుమాలు వేసుకుని మావయ్య దిగేవాడు.

ఇక ఆవం సంగతి. పటమటలో ఒక బడిలో పాతికేళ్ళు డ్రాయింగు టీచరుగా చేశాను. ఆ బళ్ళో పిల్లలకి మట్టిపని నేర్పడానికి ఎప్పుడో ఒక కరెంటు ఆవం కొన్నారు. మార్కులు రాని చదువు కాబట్టి కొన్నాళ్ళకి ఆ క్లాసు ఎత్తేశారు. నేను రిటైరయ్యే రోజుల్లో ఆవాన్ని పాత ఇనుము వాడికి వేసేస్తుంటే నాకు ప్రాణం ఒప్పక ఇంటికి తెచ్చుకున్నాను. వాషింగ్ మెషీనంత ఇనప డబ్బా, లోపల ఇటిక గోడలు, ఆ గోడల్లో గాడులు, గాడుల్లో స్ప్రింగుల్లా చుట్టిన తీగ కాయిళ్ళు. మా అత్తగారు వరండాలో నిలబడి దాన్ని ఎగాదిగా చూసి, “ఉద్యోగం అయిపోయాక మనవల్ని ఆడించుకుంటారు గానీ, కుమ్మరం మొదలెడతారుటే?” అన్నారు. మావయ్యకి ఫోన్ చేస్తే మర్నాడే వచ్చాడు. మూత ఎత్తి చూసి పడీపడీ నవ్వాడు. “ఇది ఆవం ఏంటే? పది ఇస్త్రీపెట్టెలు ఒక గదిలో కాపరం పెట్టినట్టుంది” అన్నాడు.

ఆ రోజు మొదలైంది నా చదువు. ఆయన ఏ పాఠమైనా తిట్టుతోనే మొదలయ్యేది. “మన తెలుగోళ్ళకొచ్చిన తంటా అంతా కరెంటు అనే ఒక్క మాటతోనే. దీపం కరెంటే, బిల్లు కరెంటే, ఆఫీసు కరెంటే, షాకూ కరెంటే. అన్నిటికీ ఒకే పేరు పెట్టుకుంటే ఏది ఏదో ఎలా తెలుస్తదే?” అనేవాడు. డెల్టాలో పుట్టినదాన్ని కాబట్టి కాలవల మీద పెట్టి చెప్పేవాడు. లాకుల దగ్గర నీటి మట్టం ఓల్టేజి. బోదెలో పారే నీళ్ళు కరెంటు. సన్న బోదెలో పెద్ద చేనుకి నీళ్ళు పెట్టాలని చూస్తే గట్టు తెగుతుంది, సన్న వైరుతో ఆవం వేస్తే వైరు కాలుతుంది. ఎంత మంచి కాలవైనా శివారు భూములకి వచ్చేసరికి నీళ్ళు చిక్కిపోతాయి, పొడుగాటి వైరు చివర ఆవం పెడితే దానికీ అదే గతి. “కరెంటు వచ్చి మీద పడదే, మనం లాక్కుంటాం. ఎంత లాక్కోవాలో తెలిసినోడే మేస్త్రీ” అన్న ముక్క మాత్రం ఆవానికే కాదు, చాలావాటికి పనికొచ్చింది నాకు.

వైర్లకి ఆయన పెట్టిన వావివరసలు ఇంకా తమాషాగా ఉండేవి. ఎర్ర వైరు అల్లుడు. ఎప్పుడు అలుగుతాడో తెలియదు, తడిచేత్తో ముట్టుకోకూడదు, ఇంట్లో ఉన్నాడో లేడో టెస్టరు పెట్టి చూసుకోకుండా ఎదురుపడకూడదు. నల్ల వైరు మామగారు. వచ్చినవాణ్ణి సాగనంపడమే ఆయన పని, నోరెత్తడు, అలాగని చనువు తీసుకోకూడదు. పచ్చ వైరు పుట్టిల్లు. “అన్నీ బాగున్నన్నాళ్ళూ దానితో పనే ఉండదు. ఎందుకిది దండగ అనిపిస్తది. కాపరంలో ఏదైనా తేడా వచ్చిందనుకో, కరెంటు పరిగెత్తేది పుట్టింటికే. ఆ దారి మూసేశావో, ఎవరి ఒంట్లోంచో దారి చేసుకుంటది” అని, ఆ ఒక్క వైరు గురించి చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు. పెరట్లో కరివేపచెట్టు పక్కన మనిషి లోతు గొయ్యి తవ్వించి, బొగ్గూ ఉప్పూ వరసలు వరసలుగా వేయించి, నడిమధ్య ఇనప పైపు దింపి, దానికి పచ్చ వైరు బిగించాడు. పైపు నోట్లో ఒక గరాటు పెట్టి, “వారానికో బిందెడు నీళ్ళు పోస్తా ఉండు. అడుగు ఎండిపోతే పుట్టిల్లుండీ లేనట్టే” అన్నాడు. శనివారం శనివారం నేను ఆ గరాటులో నీళ్ళు పోస్తుంటే అత్తగారు కొన్నాళ్ళు చూసి, “ఏం మొక్కే అది, ఇంకా మొలవదేం?” అని అడిగారు. మొక్క కాదండీ, పుట్టిల్లండీ అని చెప్పాను. “మా కాలంలో పుట్టింటి నుంచి తెచ్చుకునేవాళ్ళం గానీ, పోసేవాళ్ళం కాదమ్మా” అన్నారు ఆవిడ.

ఎంత నేర్చుకున్నా నేను చేసింది మాత్రం ఏమీ లేదు. వెనక ఉన్న రేకుడబ్బా విప్పి వైర్లు ముట్టుకోవాలంటే నాకు చెమటలు పట్టేవి. స్క్రూడ్రైవరు చేతిలో పెడితే నాన్న గుర్తొచ్చేవారు. కాయిలు తెగినా, స్క్రూ వదులైనా జంక్షన్‌కి ఫోన్ చెయ్యడమే. “ఈసారి నువ్వు విప్పు, నేను పక్కనే ఉంటా” అనేవాడు మావయ్య. నువ్వున్నావుగా అనేదాన్ని. “ఉన్నానే. రేపు?” అనేవాడు. సుగరు అప్పటికే ఆయన కళ్ళ మీదికి వచ్చింది. వైరు రంగు చూడ్డానికి దాన్ని ముక్కు దాకా తెచ్చుకునేవాడు. తనకి చూపు ఉండగానే నా చేత ఆ డబ్బా విప్పించాలని ఆయన పంతం, ఆయన ఉండగా నాకెందుకని నా మొండితనం. ఆ పంతం వెనక ఏముందో నాకు తెలియలేదు. కళ్ళు పోతున్న ముసలాయన చాదస్తం అనుకున్నాను.

ఆ ఏడు దసరాలకి నేను చేసిన నిర్వాకం చెబితే ఇప్పటికీ మావారు నవ్వుతారు. ఆయుధపూజ నాడు ఇంట్లో కత్తిపీట దగ్గర్నుంచి స్కూటరు దాకా అన్నిటికీ బొట్లు పెట్టాం. ఆవాన్ని మాత్రం వదిలేస్తామా? పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, హారతిచ్చి, దాని ఇనప స్టాండు అంచుకే కొబ్బరికాయ కొట్టాను. కాయ బ్రహ్మాండంగా పగిలింది. నీళ్ళు చివ్వున చిమ్మి వెనక రేకుడబ్బా కన్నాల్లోంచి లోపలికి పోయాయి. అది నేను చూడలేదు, దండం పెట్టుకుంటూ కళ్ళు మూసుకున్నాను. మర్నాడు, దీపావళికని చేసిన రెండొందల ప్రమిదలు పేర్చి స్విచ్చి వేస్తే బ్రేకరు టప్. మళ్ళీ వేస్తే మళ్ళీ టప్. పాత బడి పిల్లలకి ఆ ప్రమిదలు పంచుతానని మాటిచ్చాను. మావయ్య వచ్చి డబ్బా విప్పి, చూపు ఆనక ముక్కుతో చూశాడు. “కొబ్బరినీళ్ళ వాసనొస్తందేంటే?” అన్నాడు. లోపల చీమలు బారు కట్టి ఉన్నాయి. “పొయ్యికి కూడా తీర్థం ఇచ్చావా తల్లీ!” అని ఆ పెద్దాయన వరండా స్తంభం పట్టుకుని నవ్విన నవ్వు నాకిప్పటికీ వినపడుతుంది. ఆయన్ని అలా నవ్వగా చూడడం అదే ఆఖరని అప్పుడు తెలియదు.

తుడిచి, వైర్లకి తొడిగే పింగాణీ పూసలు మార్చి, ఎండ తగలనీ అని వెళ్ళాడు. ఎండ ఎక్కడిది? ముసురు పట్టుకుంది. నాలుగు రోజుల తరవాత వచ్చి చూస్తే మళ్ళీ టప్. ఇటికల్లోకి చెమ్మ దిగింది, ఇంకో వారం ఆగాలన్నాడు. దీపావళి ముంచుకొస్తోంది. నాకు విసుగొచ్చి, ఏదో తెలివైన మాట చెబుతున్నదాన్లా, “మావయ్యా, ఆ పచ్చ వైరొక్కటీ తీసేస్తే పోలా? ఈ ఒక్క ఆవం కాలాక మళ్ళీ పెట్టేద్దువుగాని” అన్నాను.

మావయ్య చేతిలో టెస్టరు కింద పెట్టాడు. పీట లాక్కుని కూర్చున్నాడు. చూరు మీంచి నీళ్ళు కారుతున్నాయి. “మీ నాన్న కూడా అచ్చం ఇదే మాటన్నాడే” అన్నాడు చివరికి. “తీసింది నేనే.”

తరవాత చెప్పిందంతా నేల వైపు చూస్తూనే చెప్పాడు. అప్పుడు ఆయనకి ఇరవయ్యేళ్ళు. వేసవికి కాలవ కట్టేశారు, చెరకు ఎండుతోంది, బోరు మోటారొకటే దిక్కు. దాన్ని చుట్టింది మావయ్యే. ఎక్కడో చెమ్మ తగిలి, వేసినప్పుడల్లా ఫ్యూజు కొట్టేస్తోంది. మోటారు విప్పి ఆరబెట్టాలంటే వారం పడుతుంది. నాన్న తోటని చూసి, మావయ్యని చూసి, “ఒరే, ఈ రెండు తడులూ అయ్యేదాకా ఆ ఎర్తు వైరు తీసెయ్యరా, తరవాత పెడుదువుగాని” అన్నారు. మావయ్య కటింగ్ ప్లేరు తీసుకుని తెంపేశాడు. ఫ్యూజు నిలబడింది, నీళ్ళు పడ్డాయి, నాన్న భుజం తట్టారు. మూడో నాడు పొద్దున నాన్న వట్టికాళ్ళతో తడి మడిలో నిలబడి మోటారు మీద చెయ్యి వేశారు. “తెలియక తియ్యలేదే. తెలిసే తీశాను. బావ మాట కాదనలేకపోయాను” అన్నాడు.

నేనేమన్నాను? ఏడవలేదు, అరవలేదు. “మావయ్యా, నీ బస్సుకి టైమవుతోంది” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. వచ్చింది. ఆయన సామాన్లు ఒక్కొక్కటే తడిమి సంచీలో సర్దుకుని, గొడుగు వేసుకుని వెళ్ళిపోయాడు.

దీపావళి వెళ్ళింది, ప్రమిదలు పచ్చివి పచ్చిగానే అటకెక్కాయి. సంక్రాంతి వెళ్ళింది, శివరాత్రి వెళ్ళింది. మావయ్య ఫోన్ చేస్తే ఎత్తలేదు. కొన్నాళ్ళకి ఆయన చెయ్యడం మానేశాడు. మావారు కారణం అడిగితే ఏదో చెప్పాను. రాత్రింబవళ్ళు ఒకటే లెక్క: ఆ తీగ తెంపకపోతే నాన్న ఉండేవారు, నాన్న ఉంటే అమ్మ అలా వార్నిష్ వాసనల మధ్య గదిలో ముసలిదయ్యేది కాదు, నేను వేరే మనిషినయ్యేదాన్ని. కోపం ఒక పక్క. కోపం ఎవరి మీదో ఆ మనిషితో తప్ప ఇంకెవరితోనూ చెప్పుకోలేని దిక్కుమాలినతనం ఇంకో పక్క. ఆవం మీద దుప్పటి కప్పేశాను. శనివారం నీళ్ళు పొయ్యడమూ మానేశాను. పుట్టింటికి నీళ్ళు పొయ్యవే అంటే, నేను ఏకంగా నీళ్ళొదిలేసుకున్నాను.

ఏప్రిల్ నెలాఖరులో ఒక మధ్యాహ్నం అత్తగారు ఆవకాయకి ఆవాలు బాగు చేస్తూ, చేట మీంచి తలెత్తకుండా, “మీ మావయ్యకి కళ్ళు బొత్తిగా పోయినట్టున్నాయే” అన్నారు. మీకెలా తెలుసన్నాను. “ఈ వారం ఆ పైపు కనపళ్ళేదు ఆయనకి. చేమంతి కుండీలో పోసెళ్ళాడు” అన్నారు.

నాకు అర్థం కాలేదు. శనివారాలు పొద్దున నేను రెండు వీధుల అవతల పిల్లలకి బొమ్మల క్లాసు చెప్పడానికి వెళ్ళేదాన్ని అప్పట్లో. వారం తప్పకుండా, ఆ వేళకి, మావయ్య జంక్షన్‌లో బస్సెక్కి వచ్చి, ఇంట్లోకి రాకుండా పక్కసందులోంచి పెరట్లోకి వెళ్ళి, కుళాయి దగ్గర బిందె నింపి, గరాటులో పోసి, మళ్ళీ బస్సెక్కి వెళ్ళిపోతున్నాడట. దీపావళి నుంచీ. “కాఫీ తాగి వెళ్ళండంటే వద్దండీ అనేవాడు. మరి నాకెందుకు చెప్పలేదంటావా? చెప్పొద్దన్నాడు. నువ్వూ అడగలేదు” అని, అత్తగారు ఒక రాయి ఏరి పారేశారు. నేను పెరట్లోకి వెళ్ళి చూశాను. చేమంతి కుండీలో మట్టి ఒక పక్కకి కోసుకుపోయి ఉంది, బిందెడు నీళ్ళూ ఒక్కసారే పోసినట్టుంది. దాని పక్కన కూర్చుని, నాన్న పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే జంక్షన్ బస్సెక్కాను. షాపులో మోటార్లు లేవు. మావయ్య బల్ల ముందు కూర్చుని, ఒట్టి చేతులతో ఒక తీగముక్కని చుడుతూ విప్పుతూ ఉన్నాడు. నా చెప్పుల చప్పుడు పోల్చుకుని లేవబోయాడు. ఏం మాట్లాడాలో బస్సులో దారి పొడుగునా కూడగట్టుకున్నదంతా పోయింది. “మరి ఇన్నేళ్ళూ చెప్పనివాడివి, అప్పుడెందుకు చెప్పావు మావయ్యా?” అన్నాను. తగువు పెట్టుకోవడానికి వచ్చినదాన్లాగే ఉంది నా గొంతు.

“మీ అమ్మకి పదకొండో రోజునే చెప్పాను. కొడతదనుకున్నా. కొట్టలేదు. ‘దానికి మాత్రం చెప్పకురా. నాన్న ఎలాగూ లేడు, మేనమామ కూడా లేకుండా పోతాడు’ అంది. ఆ మాట మీదే బతుక్కొచ్చాను ఇన్నాళ్ళూ.” చేతిలో తీగముక్క బల్ల మీద పెట్టి, “నువ్వు ఆ వైరు తీసెయ్యమన్నావు కదే. ఆ రోజు నేనున్నా కాబట్టి సరిపోయింది. నేను లేనప్పుడు తీసేస్తావు. నన్ను వదిలేసినా పర్లేదు, ఆ వైరు వదలవు కదా అనుకున్నా” అన్నాడు.

క్షమించానని నేను అనలేదు. ఆయనా అడగలేదు. అసలు ఆ మాట పుస్తకాల్లో చదవడమే తప్ప మా ఇళ్ళల్లో ఎవరమూ అనుకోం. పక్కన ఉన్న స్టూలు లాక్కుని, “నాకు కాయిలు చుట్టడం నేర్పు” అన్నాను. ఆయన ముఖం చూసి మళ్ళీ ఏడుపొచ్చింది గానీ, ఆయనకి కనపడదు కదాని తుడుచుకోలేదు. “ఏడుపాపి ఆ కడ్డీ అందుకో” అన్నాడు.

ఆ వేసవంతా వారానికి మూడు రోజులు జంక్షన్ వెళ్ళాను. సన్నటి కడ్డీ మీద తీగ బిగువు తగ్గకుండా చుట్టడం, చుట్టిన దాన్ని సమంగా సాగదియ్యడం. నేను చుట్టింది ఆయన బొటనవేలితో తడిమి చూసేవాడు. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఎడం వెంట్రుకవాసి తేడా ఉన్నా వేలు అక్కడ ఆగేది. “ఇక్కడ రెండూ ఆనుకుంటన్నాయి. ఇక్కడే కాలుద్ది. మళ్ళీ చుట్టు” అనేవాడు. కొత్త తీగ చెప్పినట్టు వంగుతుందనీ, ఒక్కసారి ఎర్రగా కాలిందంటే ఇంక వంగదు, విరుగుతుందనీ, అందుకే వంపులన్నీ కాలకముందే పెట్టుకోవాలనీ అప్పుడే తెలుసుకున్నాను. ఆఖరి పాఠం మా పెరట్లో జరిగింది. ఆయన పీట మీద కూర్చుని చెవి ఇటు పెట్టాడు, నేను మెయిను ఆపి, టెస్టరు పెట్టి చూసి, రేకుడబ్బా విప్పాను. “బిగించేటప్పుడు పుట్టిల్లు ముందు, అల్లుడు తరవాత. విప్పేటప్పుడు అల్లుడు ముందు, పుట్టిల్లు ఆఖర్న. ఎప్పుడూ ఇంతే. మర్చిపోయావో, చంపేస్తా” అన్నాడు. మర్చిపోతే తను చంపనక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. అటకమీంచి రెండొందల పచ్చి ప్రమిదలు దించి ఆ రోజే కాల్చాను. మర్నాడు చల్లారాక ఒకటి ఆయన చేతిలో పెడితే గోటితో కొట్టి చూశాడు. ఖంగుమంది. దాన్ని జేబులో వేసుకుని వెళ్ళాడు.

కిందటేడు శ్రావణంలో మావయ్య నిద్రలోనే పోయాడు. గది సర్దడానికి వెళితే ఆ ప్రమిద అమ్మ ఫొటో ముందు ఉంది, వత్తి కాలి మసిబారి. ఏడాది పాటు నేను ఆవం ముట్టుకోలేదు. నీళ్ళు పొయ్యడం మాత్రం ఒక్క శనివారమూ మానలేదు.

అందుకని మొన్న ఆ ఎలక్ట్రీషియన్‌ని పంపించేశాక, నేనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఏడాది వానల చెమ్మ ఇటికల్లో ఉంటుంది, వేరే రోగం కాదది. రెండు రోజులు ఆవంలో ఒక పెద్ద బల్బు వెలిగించి, మూత ఓరగా పెట్టి ఉంచాను. ఇవాళ, శనివారం పొద్దున, మెయిను ఆపి డబ్బా విప్పాను. అల్లుణ్ణి ముందు, పుట్టింటిని ఆఖర్న. తుప్పు గీకి, పూసలు మార్చి, మళ్ళీ పుట్టింటిని ముందు, అల్లుణ్ణి ఆఖర్న బిగించి, మెయిను వేసి, కళ్ళు మూసుకోకుండా ఆవం స్విచ్చి వేశాను. బ్రేకరు నిలబడింది. కాసేపటికి వేడెక్కుతున్న ఇటిక వాసన వచ్చింది. “ఏదీ, పడిపోలేదే!” అన్నారు మావారు, కొంచెం నిరాశపడ్డట్టే.

లోపల్నుంచి అత్తగారి గొంతు వినపడింది. ఆవిడకిప్పుడు తొంభయ్యేళ్ళు దగ్గర పడుతున్నాయి, చెవులు సరిగా వినపడవు గానీ వారాలు మాత్రం తప్పవు. “శనివారం కదే ఇవాళ. మీ పుట్టింటికి నీళ్ళు పోశావా?” అన్నారు. బిందె నింపి గరాటులో వంచాను. అడుగున బొగ్గు నీళ్ళు తాగే గుడగుడ చప్పుడు ఆగేదాకా అక్కడే నిలబడ్డాను. మిగిలిన చెంబెడూ చేమంతి కుండీలో పోశాను, అది మావయ్య వాటా. కాలమైనా కాలవైనా వెనక్కి పారదని ఆయనే అనేవాడు. నిజమే, పారదు. కానీ ఆయన పోసిన బిందెల చెమ్మ ఇంకా ఈ నేల అడుగున ఉంది, ఈ పొద్దున నా చెయ్యి ఆ ఇనప డబ్బా మీద నిశ్చింతగా ఆనింది ఆ చెమ్మ భరోసాతోనే.